ఫారంలో గడి లేని కన్ను

కళ్ళ మాస్టారు పంతొమ్మిదేళ్ళుగా కుందేళ్ళ కళ్ళు చూస్తున్నాడు. సరిగ్గా చెప్పాలంటే, కుడి కళ్ళు చూస్తున్నాడు.

ఆయన ఉద్యోగం పేరు రీడర్. చదివేది పుస్తకాలు కాదు. షాంపూలు, క్రీములు, కంటి మందులు అమ్మే కంపెనీలు తమ సరుకును సీసాల్లో పోసి ఈ లాబొరేటరీకి పంపుతాయి. సీసాలోంచి ఒక చుక్క కుందేలు కుడి కంట్లో పడుతుంది. ఎడమ కన్ను అలా వదిలేస్తారు. చుక్క పడిన గంటకి, ఒక రోజుకి, రెండు రోజులకి, మూడు రోజులకి రీడర్ దీపం కింద కన్ను చూసి ఎరుపుకి ఇన్ని, వాపుకి ఇన్ని, పైపొర మసకకి ఇన్ని అని మార్కులు వేస్తాడు. సున్నా అంటే కన్ను బాగుంది. నాలుగు అంటే ఆ కంటితో ఇక పని లేదు. పరీక్ష పేపర్లు దిద్దినట్టు దిద్దుతాడు కాబట్టి మాస్టారయ్యాడు.

కుందేలునే ఎందుకు పట్టుకున్నారంటే దానికి కన్నీళ్ళు తక్కువ. కంట్లో పడ్డది కడుక్కుపోదు.

ఫారంలో కుడి కంటికే గడులుంటాయి. అనుమానం వస్తే ఎడమ కన్ను కూడా చూడాలని రూలు. మాస్టారుకి అనుమానం రాదని పేరు. కొత్తగా చేరినవాళ్ళు ఒక కంటి ముందు పావుగంట తంటాలు పడే చోట ఆయన నలభై సెకన్లలో మార్కులేసి పక్కకి జరుగుతాడు.

ఆ బుధవారం పొద్దున మూడు కుందేళ్ళకి రెండో రోజు చూపు. సీసా మీద పేరుండదు, నంబరే ఉంటుంది. అయినా లోపలేముందో భవనమంతటికీ తెలుసు. పసిపిల్లల తల రుద్దే షాంపూ. లేబుల్ మీద 'కళ్ళు మండవు' అని వేసుకోవడానికి కంపెనీకి ఒక కాగితం కావాలి. కుందేళ్ళ చెవుల్లో పొడిచిన అంకెలు నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు. గంటకి మూడింటికీ సున్నా. ఒక రోజుకి మూడింటికీ సున్నా. డైరెక్టర్ మేడమ్ నిన్ననే కంపెనీకి ఫోన్ చేసి మంచి మాట చెప్పేసింది.

కుందేలును పట్టుకుని చూపించేది బావ. ఎవరికీ వరసకి బావ కాడు. కనపడ్డవాణ్ణల్లా 'బావా' అని పిలిచి పిలిచి ఆ పేరు తనకే అంటించుకున్నాడు. మాస్టారుని మాత్రం మాస్టారనే అంటాడు. కుందేలును తువ్వాల్లో చుట్టి, దాని ఎడమ చెంపను తన చంకలోకి నొక్కి, కుడి కన్ను దీపం కిందికి వచ్చేట్టు నిలబడతాడు. పన్నెండేళ్ళుగా అలాగే నిలబడుతున్నాడు. అతని భుజం ఒకవైపు వాలిపోయింది కూడా.

"చూడండి, కిక్కురుమనట్లేదు. మా ఆవిడకి చూపించాలి దీన్ని."

"మీ ఆవిణ్ణి చంకలో నొక్కి చూడు, తెలుస్తుంది."

మాస్టారు నలభై మూడు కంట్లో రంగు చుక్క వేసి, కడిగి, గది లైటు ఆపి నీలం దీపం వెలిగించాడు. కంటిపొర ఎక్కడన్నా చెడితే అక్కడ పచ్చగా మెరుస్తుంది. ఏమీ మెరవలేదు. సున్నా వేసి లైటు వేశాడు.

బావ ఏప్రన్ మీద, చంక కింద, అరచేయంత మరక కనపడింది. పసుపు. నడుమ తడిగా ఉంది, అంచులు ఎండి పెచ్చు కట్టాయి.

"అదేంటి బావా?"

బావ మోచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. గోటితో గీకాడు. గోరు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు. "నిన్న కూడా ఉంది. మేత పిండి అంటుకుందనుకుని ఉతికా."

"దాన్ని అటు తిప్పు."

"ఏప్రన్నా?"

"కుందేల్నయ్యా!"

ఎడమ రెప్పలు అతుక్కుపోయి ఉన్నాయి. కంటి చుట్టూ బొచ్చు చీముతో ముద్ద కట్టింది. మాస్టారు దూదిని ఉప్పునీళ్ళలో ముంచి తుడిచాడు. దూదికి బొచ్చు ఊడి వచ్చింది, బొచ్చుతో తోలు వచ్చింది. రెండు వేళ్ళతో రెప్పలు విప్పితే లోపల నిలవ ఉన్నది జారి ఆయన గ్లవ్ మీదుగా మణికట్టు దాకా పాకింది. గోరువెచ్చగా ఉంది. ఆ కుందేళ్ళవి గులాబి రంగు కళ్ళు. ఇప్పుడు రెప్పల మధ్య ఉన్నది గుడ్డులోని తెల్లసొన, ఉడికాక ఎలా ఉంటుందో అలా ఉంది.

మిగతా రెండూ తెచ్చి చూశారు. నలభై ఒకటికీ అంతే. నలభై రెండుకి కింది రెప్ప తిరగబడి లోపలి ఎరుపు బయటికి వచ్చింది.

"రెండు రోజులుగా దీన్ని నా చంకలో పెట్టుకు తిరుగుతున్నానా!" అని బావ సింకు దగ్గరికి పరిగెత్తాడు. పొద్దున తాగిన టీ అంతా అక్కడ పోయింది.

మాస్టారు ఫారం చూశాడు. వరసగా సున్నాలు. వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. కుడి కళ్ళు నిజంగానే బాగున్నాయి. మూడు కుందేళ్ళూ ఇటు కన్ను కాలిపోతుంటే ఆయన అటు కన్ను చూసి, బాగుందని రాసి, పక్కకి జరిగాడు. ఒకసారి కాదు, మూడు సార్లు.

*

చుక్కలు వేసినావిడ ఎలుకల విభాగం నుంచి నెల కిందట బదిలీ మీద వచ్చింది. నలభై దాటిన మనిషి, పనిలో జాగ్రత్త ఎక్కువ. ఎలా వేశారో చూపించమంటే ఖాళీ పెట్టె తెచ్చింది. కుందేలును అందులో కూర్చోబెడితే తల ఒక్కటే బయట ఉంటుంది. ఇక్కడి పద్ధతిలో చుక్క వేసేవాళ్ళు వెనక నిలబడి వంగి వేస్తారు. అప్పుడు వాళ్ళ కుడి, కుందేలు కుడి ఒకవైపే ఉంటాయి. ఆవిడ స్టూలు లాక్కుని పెట్టెకి ఎదురుగా కూర్చుంది. కుడి చెయ్యి చాపింది.

"ఇదిగో, ఈ కన్ను. కుడి," అంది. అని, తన చెయ్యినీ పెట్టెనూ మార్చి మార్చి చూసుకుంది. చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఎవరికైనా కంట్లో మందు వేయాలంటే ఎదురుగానే కదా కూర్చుంటాం, మాస్టారూ," అంది.

"కూర్చుంటాం. ఏది కుడో వాళ్ళు చెప్తారు."

ఆవిడ ఏడ్వలేదు. స్టూలు తీసి దాని చోట పెట్టింది. "నేను తప్పు కంట్లో వేశాను. మరి మీరు రెండు రోజులూ ఏం చూశారు?" అని అడిగింది.



మాస్టారు ముందు పశువుల డాక్టరుకి ఫోన్ చేశాడు, నొప్పి తెలియకుండా చుక్కలు వేయమని. మేడమ్ అనుమతి కావాలన్నాడు డాక్టరు. మాస్టారు పైఅంతస్తుకి వెళ్ళాడు.

డైరెక్టర్ మేడమ్ చేతులకి శానిటైజర్ రాసుకుంటూ విన్నది. ఆవిడ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అందరి పిల్లల పేర్లూ గుర్తుంచుకుంటుంది. అంతా విని, "కూర్చోండి. కంగారు పడకండి. ఇది ఒకందుకు మంచిదే," అంది.

"ఏం మంచిది మేడమ్?"

"చుక్క ఏ కంట్లో పడిందో రూఢిగా తెలియనప్పుడు పరీక్ష చెల్లదు. చెల్లని పరీక్షకి ఫలితం ఉండదు. మళ్ళీ మొదటి నుంచి చేస్తాం. కంపెనీవాళ్ళు నీళ్ళు ఒక పాలు ఎక్కువ కలిపి ఇంకో సీసా పంపుతారు. గొడవ వదిలిపోతుంది."

"రూఢిగా తెలుసు కదా. ఎడమ కళ్ళు మూడూ పోయాయి. మూడు పోతే ఇక ఆపేయమనే రూలు. సరుకు పనికిరాదని రాసేస్తే సరిపోతుంది."

"అలా రాస్తే మిమ్మల్ని మొదట అడుగుతారు. రెండు రోజులు ఆ కళ్ళు ఎందుకు చూడలేదని. మీ రీడర్ సర్టిఫికెట్ నిలుస్తుందా? నేను బెదిరించట్లేదు, మాస్టారూ. మీ గురించే ఆలోచిస్తున్నాను."

ఆవిడ ఒక కాగితం టైపు చేసి తిప్పి చూపించింది. ఒకటే వాక్యం. 'చుక్క ఏ కంటిలో పడినదీ నిర్ధారించుట నాకు సాధ్యము కాలేదు.' కింద ఆయన పేరు, సంతకానికి గీత.

"కొత్త కుందేళ్ళకి మళ్ళీ జంతువుల కమిటీ అనుమతి అంటే నెల పడుతుంది. వీటినే వాడుకుందాం," అంది. "కుడి కళ్ళు బాగానే ఉన్నాయిగా? మీరే రాశారు, సున్నా అని."

"కనీసం నొప్పికి చుక్కలు వేయించండి," అన్నాడు మాస్టారు.

"పరీక్ష సంగతి తేలేదాకా ఏ మందూ వద్దు. దాని ప్రభావం కుడి కంటి మీద పడుతుంది. రేపు పదింటికి సంతకం పెట్టేయండి, ఆ వెంటనే చూద్దాం. ఇంట్లో ఆవిడ కళ్ళు ఎలా ఉన్నాయి?"

*

ఇంట్లో ఆవిడ కళ్ళు మందు మీద ఉన్నాయి. లోపలి ఒత్తిడి పెరిగి చూపు తగ్గే జబ్బు. రోజూ సాయంత్రం కుట్టుమిషన్ దగ్గర నుంచి లేచి, తల వెనక్కి వాల్చి, కింది రెప్ప లాగి, తనే చుక్క వేసుకుంటుంది. ఆ మందు లాబొరేటరీకి వచ్చినప్పుడు దానికి మార్కులేసింది ఆయనే. బంధువులు ఎవరొచ్చినా ఆ సంగతి చెప్పేవాడు.

భార్య పెట్టిన ఉడికిన గుడ్డు పెంకు సగం తీసి, పళ్ళెం పక్కకి నెట్టాడు మాస్టారు.

"ఏమండీ, చేతులు ఎన్నిసార్లు కడుగుతారు? ఆ తోలు మళ్ళీ మొలుస్తుందనుకుంటున్నారా?"

చెప్పాడు. ఏదీ దాచలేదు. ఆవిడ చుక్క వేసుకున్న కళ్ళు మూసుకుని విన్నది.

"సంతకం పెడితే?"

"రీడర్‌గా ఉంటాను. వాటి రెండో కళ్ళు కూడా నేనే చూస్తాను."

"పెట్టకపోతే?"

"ట్రేలు కడిగే గదికి పంపుతారు. కుందేళ్ళ పెంట గీకుతాను."

"నా మందుక్కూడా ఇలాగే పోయుంటాయి కదా కొన్ని."

"అది మందు. ఇది నురుగు."

"కుందేలుకేం తెలుస్తుందండీ, మందో నురుగో." ఆవిడ కళ్ళు తెరిచింది. కుడి కంటి కొస నుంచి నీళ్ళు చెంప మీదికి కారాయి. చీరచెంగుతో అద్దుకుంది. "నాకు తెలుసు, నా చూపు కోసం వాటి చూపు పోయిందని. తెలిసే వేసుకుంటున్నాను. మంచిదాన్నని చెప్పుకోను. కానీ పోలేదని అబద్ధం ఆడలేదు ఎప్పుడూ."

"నేను మాత్రం అబద్ధం రాశానా? కుడి కన్ను బాగుందని రాశాను. బాగుంది."

"ఇన్నేళ్ళూ ఒక కన్నే చూస్తూ వచ్చారా మీరు?"

"ఫారంలో రెండో కంటికి గడి లేదు."

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. మొహం అదోలా పెట్టింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన్ని చూసి ఆవిడ ఆ మొహం పెట్టడం అదే మొదటిసారి. సింకులో బొద్దింక కనపడినప్పుడు పెట్టే మొహం అది. అంతలోనే సర్దుకుని, "ఆ పళ్ళెం ఇలా ఇవ్వండి," అంది.

*

జంతువులుండే విభాగం లోపలికి వెళ్ళాలంటే స్నానం చేసి, వాళ్ళిచ్చిన బట్టలు వేసుకోవాలి. బయటి రోగం లోపలికి రాకూడదని. జంతువుకి ఇంకా గట్టి రూలు. ఒకసారి ఆ తలుపు దాటి బయటికి వెళ్ళిన జంతువును మళ్ళీ లోపలికి రానివ్వరు, ఏ పరీక్షకీ వాడరు. ఇంజెక్షన్ ఇచ్చి ముగించేస్తారు.

గురువారం తొమ్మిదిన్నరకి మాస్టారు మూడు కుందేళ్ళనీ మూడు పెట్టెల్లో పెట్టి ట్రాలీ మీదికి ఎక్కించాడు.

"ఎక్కడికండీ ఊరేగింపు?" అన్నాడు బావ.

"మేడమ్ గదికి."

"తలుపు దాటిస్తే మళ్ళీ లోపలికి రావు."

"తెలుసు. దాటించకపోతే మధ్యాహ్నం రెండో కంట్లో పోస్తారు."

బావ అటూ ఇటూ చూశాడు. "నేనేం చూడలేదు. నేను గోడ వైపు తిరిగి నిలబడతా," అన్నాడు. అని, ట్రాలీ గడపకి తట్టుకుంటే వెనక నుంచి నడుముతో తోసి, చివరికి తనూ వెంట వచ్చాడు.

లిఫ్టులో ఫైళ్ళతో ఉన్న గుమాస్తా ఒకడు ముక్కు మూసుకుని మధ్య అంతస్తులోనే దిగిపోయాడు. ఆ వాసన లోపల ఉన్నవాళ్ళకి తెలియదు. కడిగే మందు వాసనలో కలిసిపోతుంది. బయట కార్పెట్ మీద, గాజు తలుపుల మధ్య దాని అసలు వాసన వచ్చింది. మూడు రోజుల చీము, తడి బొచ్చు, వీటి కింద ఎక్కడో పిల్లల షాంపూలో కలిపే పువ్వుల సెంటు.

మాస్టారు నలభై రెండును తీసి, తువ్వాలు పరిచి, మేడమ్ బల్ల మీద కీబోర్డు పక్కన కూర్చోబెట్టాడు. సంతకం కావలసిన కాగితం అక్కడే ఉంది.

మేడమ్ కుర్చీ గోడకి తగిలేదాకా వెనక్కి జరిగింది. "ఏంటిది? మతిపోయిందా మీకు?"

"సంతకం పెట్టేముందు మీరు ఒకసారి చూడాలి మేడమ్. నిర్ధారించడం నావల్ల కాలేదని రాశారు కదా. మీవల్ల అవుతుందేమో చూడండి."

"నేను చూడక్కర్లేదు. నా పని కాదు. తీసేయండి."

కుందేలు తల విదిలించింది. కంటి దగ్గర తీగలా సాగి ఉన్నది తెగి, టైపు చేసిన కాగితం మీద సగం, మేడమ్ చేతి గడియారం మీద సగం పడింది. మేడమ్ కెవ్వుమంది. చెయ్యి ఒంటికి తగలకుండా దూరంగా చాపి పట్టుకుంది.

"ఛీ ఛీ! తిప్పండి దాన్ని అటు! చూడలేకపోతున్నాను!"

"ఎటు తిప్పమంటారు?"

"కుడివైపు కనపడేట్టు తిప్పండి! ఆ ఎడమ కన్ను నా వైపు పెట్టకండి, అసహ్యంగా..."

అక్కడ ఆగిపోయింది.

మాస్టారు కుందేలును ఆవిడ చెప్పినట్టే తిప్పాడు. జేబులోంచి ఫారం తీసి, అడుగున రాస్తూ పైకి చదివాడు. "ఉదయం పది దాటి నాలుగు నిమిషాలు. దెబ్బతిన్నది ఎడమ కన్ను అని డైరెక్టర్ చూసి చెప్పారు."

"నేనలా అనలేదు."

"నేను విన్నాను, బావా," అన్నాడు గుమ్మంలోంచి బావ. నాలుక కరుచుకుని, "మేడమ్," అన్నాడు.

ఆ ఫారంలో ఎడమ కంటికి గడులు లేవు. మాస్టారు కాగితం అంచున స్కేలు లేకుండా గీతలు గీశాడు. రెండు రోజుల దగ్గర మూడు కుందేళ్ళకీ నాలుగు చొప్పున వేశాడు. గంట దగ్గర, ఒక రోజు దగ్గర వేయడానికి మార్కులు లేవు. రెండు చోట్లా 'చూడలేదు' అని రాశాడు. మూడు కుందేళ్ళకి మొత్తం ఆరు సార్లు. సంతకం పెట్టాడు.

మేడమ్ తుడుచుకున్న కాగితాలన్నీ చెత్తబుట్టలో వేసింది. టైపు చేసిన కాగితం కూడా వాటితోనే పోయింది. ఫారం అందుకుని చదివింది. "ఇది రాశాక మీరు ఇక్కడ దీపం ముట్టుకోవడానికి లేదు."

"ముట్టుకోకూడదు, మేడమ్."

మధ్యాహ్నానికల్లా రిపోర్టు వెళ్ళింది, సరుకు కంటిని కాలుస్తుందని. గంటలో కంపెనీ జవాబు వచ్చింది, మిగిలిన సీసా వెనక్కి పంపమని. వేరే ఊళ్ళో వేరే లాబొరేటరీ ఉందనీ, అక్కడా కుందేళ్ళుంటాయనీ అందరికీ తెలుసు.

*

మూడు పెట్టెలూ సామాన్ల గదిలో, అట్టపెట్టెల మధ్య పెట్టారు. పశువుల డాక్టరు సంచీ తెరిచి సిరంజి తీశాడు.

"ముందు నొప్పికి చుక్కలు వేయండి," అన్నాడు మాస్టారు.

"ఎందుకండీ? ఎలాగూ ఐదు నిమిషాల్లో పోతాయి."

"ఐదు నిమిషాలున్నాయిగా."

డాక్టరు ఆయన మొహం చూసి, సిరంజి కింద పెట్టి, చుక్కల సీసా తీశాడు. మూడింటికీ వేశాడు. డాక్టరు, మాస్టారు, బావ నిలబడి చూశారు. రెండు నిమిషాల తర్వాత నలభై ఒకటి ముందరి కాలు ఎత్తి, నాకి, ఎడమ చెంప రుద్దుకోవడం మొదలుపెట్టింది. మూడు రోజుల్లో అక్కడ కాలు పెట్టుకోవడం అదే మొదలు. చీము పాదానికి అంటుతుంటే మళ్ళీ నాకి, మళ్ళీ రుద్దుకుంది. డాక్టరు గడియారం చూసుకుని ఆగాడు.

బావ తువ్వాలు విప్పాడు.

"నేను పట్టుకుంటాను," అన్నాడు మాస్టారు.

"మీకు చేతనవునా?"

చేతకాదు. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ పట్టుకోలేదు. ఆయన ముందుకి కన్ను వచ్చేది, మిగతాది బావ చంకలో ఉండేది. బావ చూపించాడు. "ఒక చెయ్యి రొమ్ము కింద. ఇంకోటి వెనక కాళ్ళ కింద, గట్టిగా. కాళ్ళు జారితే భయపడి తన్నుకుంటుంది, నడుం విరుగుతుంది. ఒంటికి ఆనించుకోండి మాస్టారూ, దూరంగా కాదు."

ఆనించుకున్నాడు. చొక్కాకి తడి తగిలి, గుడ్డలోంచి చర్మానికి అంటింది. వెనక్కి జరగాలనిపించింది. జరగలేదు. అంత బరువు ఉంటుందనుకోలేదు. డాక్టరు చెవి మీది బొచ్చు తడిపి, నరం కోసం వేలితో వెతుకుతున్నాడు. కుందేలు తల ఎత్తింది. ఈసారి మాస్టారు రెండు కళ్ళూ చూశాడు.

"కానివ్వండి," అన్నాడు.